ఢిల్లీ నంబరు కారు, బరంపురం అడ్రసు

బరంపురంలో కొన్నాళ్ళుగా ఒక లెక్క నడుస్తోంది. కొత్త స్విఫ్ట్‌కి పెట్టే డబ్బుకే పదేళ్ళ నాటి బెంజి సెడానో, బీఎండబ్ల్యూనో వచ్చేస్తుంటే స్విఫ్ట్ ఎందుకు కొనాలి అని. గిరి రోడ్డులో సాయంత్రం కాసేపు నిలబడితే ఈ లెక్క ఎంతమంది వేశారో తెలుస్తుంది. ఢిల్లీ డీఎల్ నంబర్లు, హర్యానా హెచ్‌ఆర్ నంబర్లు, మహారాష్ట్ర ఎంహెచ్ నంబర్లు. వాటిలో మన ఒడిశా నంబరు ఓడీ 07లోకి మారినవి కొన్నే. సూరత్‌లో నాలుగు డబ్బులు వెనకేసుకుని తిరిగొచ్చినవాళ్ళు, రొయ్యల చెరువులవాళ్ళు, పెళ్ళికొడుకు బండి అని అద్దెకిచ్చేవాళ్ళు, మా బావలాంటి పట్టుచీరల వ్యాపారులు, అందరికీ అదే సరదా. ఆ సరదా మీద నాకేమీ కోపం లేదు. యాభై లక్షల కారులో కూర్చునే యోగం మనకీ ఒకసారి పట్టాలి కదా.

నేను మోటారు ఇన్సూరెన్స్ సర్వేయర్‌ని. గుద్దుకున్నవి, మునిగినవి, కాలినవి చూసి నష్టం లెక్కగట్టడం నా పని. అందుకని కారు కొనేముందు ఒకసారి చూసిపెట్టమని ఇంట్లోవాళ్ళూ, తెలిసినవాళ్ళూ అడుగుతుంటారు. చూడమన్నప్పుడు వాళ్ళు అడిగే ప్రశ్నలు వింటే నాకు ఒకటే అనిపిస్తుంది. అందరూ గేర్‌బాక్స్ గురించి అడుగుతారు, స్పేర్ పార్టుల ధర గురించి అడుగుతారు, మైలేజీ గురించి అడుగుతారు. ఈ బండి మీద రీకాల్ ఏదైనా పెండింగులో ఉందా అని, అంటే లోపం ఉందని కంపెనీ వెనక్కి పిలిచిన పని ఏదైనా మిగిలిపోయిందా అని, అడిగినవాడు నాకు ఇంతవరకు తగల్లేదు. గేర్‌బాక్స్ పోతే పోయేది డబ్బు. రీకాల్ చేయించని ఎయిర్‌బ్యాగ్ పేలితే పోయేది మనిషి. పైగా మొదటిది జేబులోంచి పెట్టుకోవాలి, రెండోది కంపెనీ ఉచితంగా చేసిపెడుతుంది. ఉచితంగా అయ్యే పనిని వదిలేసి, డబ్బు పడే పని గురించే రాత్రంతా టెన్షన్ పడుతున్నాం.

ఇది మనవాళ్ళ అమాయకత్వం అనుకుంటే పొరపాటు. ఈ కార్లు మన దాకా వచ్చే దారే అలాంటిది.

ముందు ఢిల్లీ సంగతి. పదేళ్ళు దాటిన డీజిల్ బండ్లు ఢిల్లీ, చుట్టుపక్కల ప్రాంతాల్లో తిరగకూడదని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2015లో చెప్పింది. 2018లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. ఆ తరువాత ఈమధ్య కోర్టు ఉత్తర్వుల్లో కొంత సడలింపూ, మళ్ళీ కొంత బిగింపూ వచ్చాయి గానీ, అక్కడి ఓనర్ల మనసులో పడ్డ భయం పోలేదు. ఎనిమిదో ఏడు, తొమ్మిదో ఏడు వచ్చేసరికి డీజిల్ లగ్జరీ సెడాన్‌ని ఎంతకో అంతకి వదిలించుకుంటారు. ఎన్‌ఓసీ, అంటే అభ్యంతరం లేదని అక్కడి ఆర్టీఓ ఇచ్చే కాగితం, తీసుకుని ఆ బండి వేరే రాష్ట్రానికి బయల్దేరుతుంది. అలా బయల్దేరినవి ఒడిశాకీ వస్తాయి, ఇచ్ఛాపురం దాటి శ్రీకాకుళం వైపూ పోతాయి.

ఇప్పుడు రీకాల్ చట్టం సంగతి. మన దేశంలో చాలాకాలం ఇది కంపెనీల మర్యాద మీదే నడిచింది. 2012లో వాహన తయారీదారుల సంఘం, అదే సియామ్, తమకు తామే ఒక స్వచ్ఛంద పద్ధతి పెట్టుకుంది. చట్టంలోకి ఎక్కింది 2019 సవరణతో, మోటారు వాహనాల చట్టం 110ఏ సెక్షన్‌గా. దానికి నిబంధనలు అమల్లోకి వచ్చింది 2021 ఏప్రిల్ 1 నుంచి. ఏడాదికి ఎన్ని బండ్లు అమ్మారన్న దాన్ని బట్టి ఇన్ని ఫిర్యాదులు దాటితే ప్రభుత్వం రీకాల్‌కి ఆదేశించవచ్చు, కంపెనీకి 10 లక్షల నుంచి కోటి రూపాయల దాకా జరిమానా వేయవచ్చు. చదవడానికి బాగానే ఉంటుంది. అందులోనే ఇంకో మాట ఉంది, బండి వయసు ఏడేళ్ళ లోపు ఉండాలి అని.

ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. ఢిల్లీలో డీజిల్ కారు పదేళ్ళకి భారమవుతుంది. చట్టం ఏడేళ్ళకే చేతులు దులుపుకుంటుంది. ఆ తరువాత మన చేతికి వస్తుంది. మనకి వచ్చే దాదాపు ప్రతి పాత లగ్జరీ కారూ ఇక్కడికి చేరేసరికే ఆ చట్టానికి బయటిదే. ఈ ఏడేళ్ళ గీత గీసినవాళ్ళు కొత్త కారు కొనేవాడిని తలుచుకునే గీశారని నా అనుమానం. రెండో చేతి, మూడో చేతి ఓనరు వాళ్ళ లెక్కలోనే లేడు.

అయితే కంపెనీ తానుగా ప్రకటించిన రీకాల్‌కి మామూలుగా గడువు తీరిపోవడం ఉండదు. బండి ఎన్నేళ్ళదైనా, ఎవరి చేతిలో ఉన్నా, అధీకృత వర్క్‌షాపుకి తీసుకెళ్తే చేసిపెడతారు. చిక్కల్లా కబురు అందడంలోనే. కంపెనీ దగ్గర ఉండేది మొదటి ఓనరు ఫోను నంబరు, మొదటి ఓనరు ఇంటి అడ్రసు. ఆయన గురుగ్రామ్‌లో ఏ పదో అంతస్తులోనో ఉంటాడు. 'మీ కారుని తనిఖీకి తీసుకురండి' అని మెసేజ్ వస్తే, అమ్మేసి నాలుగేళ్ళయిన కారు గురించి ఆయనకేం పట్టింది? మధ్యలో ఇద్దరు బ్రోకర్లు. ఖాళీగా సంతకాలు పెట్టిన 29, 30 ఫారాల (ఓనరు పేరు మార్పు కాగితాలు) మీద బండి చేతులు మారుతూ వస్తుంది. వేరే రాష్ట్రపు బండిని ఏడాది దాటి ఇక్కడ ఉంచితే ఇక్కడి నంబరు వేయించాలని చట్టంలో ఉంది గానీ, మళ్ళీ ఇక్కడ లైఫ్ టాక్స్ కట్టాలి కాబట్టి ఎంత వీలైతే అంత సాగదీస్తారు. అలా సాగదీసినంత కాలం కాగితాల్లో ఆ కారు ఓనరు ఢిల్లీలోనే ఉంటాడు. (పనిలో పనిగా ఒక మాట. ఆర్సీ పేరు మారిన పద్నాలుగు రోజుల్లో ఇన్సూరెన్స్ కూడా మార్పించుకోవాలి. మార్పించకుండా గుద్దుకుని నా దగ్గరికి వస్తే నేనేం చేయలేను. తిట్టుకోకండి.)

సరే, పాత రీకాల్ ఒకటి ఉండిపోతే అంత మునిగిపోయేదేముంది అంటారా? మన ఊరి గాలి గురించి కొంచెం చెప్పాలి.

గోపాల్‌పూర్ సముద్రం మనకి పదిహేను కిలోమీటర్ల దూరం. మే నెలలో ఎండ నిప్పులు చెరుగుతుంది, అయినా చెమట ఆరదు. ఆరుబయట పెట్టిన కారులో మధ్యాహ్నం డాష్‌బోర్డు మీద చెయ్యి ఆనదు, తెల్లవారేసరికి అదే అద్దాల మీద మంచు పట్టినట్టు తేమ. ఈ వేడీ, ఈ తేమా, రోజూ ఇలా ఎక్కీ దిగే ఉష్ణోగ్రతా, టకాటా ఎయిర్‌బ్యాగుల కథంతా వీటి చుట్టూనే నడిచింది.

ఎయిర్‌బ్యాగ్ సంచిని ఉబ్బించడానికి వెనకాల ఒక చిన్న లోహపు డబ్బా ఉంటుంది, ఇన్‌ఫ్లేటర్ అంటారు. గుద్దుకున్న క్షణంలో అందులోని మందు మండి వాయువు పుడుతుంది. జపాన్‌కి చెందిన టకాటా కంపెనీ ఆ మందుగా అమ్మోనియం నైట్రేట్ వాడింది. చాలా రకాల్లో తేమని పీల్చేసే పదార్థం కూడా పెట్టలేదు. ఏళ్ళ తరబడి తేమ దూరి, వేడికీ చల్లదనానికీ మార్చి మార్చి గురై ఆ మందు బిళ్ళలు గుల్లబారతాయి. గుల్లబారిన బిళ్ళ మండాల్సిన వేగం కన్నా ఎక్కువ వేగంగా మండుతుంది. డబ్బా ఆ ఒత్తిడి తట్టుకోలేక పగులుతుంది. సంచి వెనకనుంచి లోహపు ముక్కలు మొహం మీదికీ, మెడ మీదికీ వస్తాయి. చిన్న గుద్దులో, దెబ్బ కూడా తగలకుండా దిగిపోవాల్సిన మనిషి అలా చనిపోయిన సందర్భాలున్నాయి. ప్రపంచం మొత్తం మీద దాదాపు 10 కోట్ల ఇన్‌ఫ్లేటర్లు వెనక్కి పిలిచారు. ఒక్క అమెరికాలోనే పాతిక మందికి పైగా చనిపోయారు. మలేషియాలోనూ పలువురు పోయారు. టకాటా 2017లో దివాలా తీసింది.

అమెరికాలో మొదట్లో ఈ రీకాల్‌ని ఫ్లోరిడా, హవాయి లాంటి ఉక్కపోత రాష్ట్రాల్లోనే ముందు మొదలుపెట్టారు. అక్కడి బండ్లలోనే ఆ మందు త్వరగా పాడవుతుందని తేలింది కాబట్టి. 2000 నుంచి 2006 మధ్య మోడళ్ళ బీఎండబ్ల్యూ 3 సిరీస్, 5 సిరీస్, ఎక్స్5 కార్లు కొన్నింటి గురించి 2023 మే నెలలో అక్కడ చేసిన హెచ్చరిక ఏమిటో తెలుసా? ఎయిర్‌బ్యాగ్ మార్పించేదాకా కారు అసలు నడపొద్దు అని. ఇరవై ఏళ్ళ బండి గురించి, అంత గట్టిగా. ఇక్కడ హోండా 2018 జనవరిలో 22,834 కార్లని టకాటా ఎయిర్‌బ్యాగుల కోసం పిలిచింది. అన్నీ 2013లో తయారైనవి. ఎక్కువ సిటీ మోడలువే గానీ, అందులో 510 అకార్డ్‌లు కూడా ఉన్నాయి. ఒకప్పుడు ఊళ్ళో పెద్దమనిషి కారు అంటే అకార్డే కదా. ఆ 510లో ఎన్ని ఇప్పుడు మూడో ఓనరు చేతిలో ఉన్నాయో, వాటిలో ఎన్నింటికి పని జరిగిందో బయటి నుంచి చూసి చెప్పే మార్గం లేదు. స్టీరింగ్ మీద తోలు కవరు నిగనిగలాడుతూనే ఉంటుంది.

తేమ ఒక్క ఎయిర్‌బ్యాగులతో ఆగదు. ఫోక్స్‌వ్యాగన్ 2013 నవంబరులో డీఎస్‌జీ అనే ఏడు గేర్ల ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఉన్న 16 లక్షల కార్లని పిలిచింది. గేర్‌బాక్స్‌లోని సింథటిక్ నూనె వల్ల, వేడీ తేమా ఎక్కువగా ఉండి ఆగుతూ నడుస్తూ తిరిగే చోట్ల, కరెంటు సరఫరా దెబ్బతినవచ్చని చెప్పి దాన్ని తీసేసి మినరల్ నూనె పోసింది. 2022లో మెర్సిడెస్ దాదాపు 10 లక్షల పాత ఎంఎల్, జీఎల్, ఆర్ క్లాసు బండ్లని పిలిచింది, బ్రేక్ బూస్టర్ మీది రబ్బరు తొడుగు కింద నీళ్ళు చేరి తుప్పు పడుతోందని. అవి సెడాన్లు కావు, నిజమే. తేమ మాత్రం ఆ తేడా చూడదు.

ఇవన్నీ చదివి ఇంట్లో ఉన్న కారుకి తాళం వేసేయకండి. ఒక దేశంలో పిలిచిన బండి ఇంకో దేశంలో పిలిచే బండి కాకపోవచ్చు. అమెరికాలో ఎక్కువగా పెట్రోలు ఇంజిన్లు, ఇక్కడికి వచ్చినవి ఎక్కువగా డీజిల్. బీఎండబ్ల్యూ చెన్నైలో, బెంజి పుణె పక్కన చాకణ్‌లో, ఆడీ ఔరంగాబాద్‌లో బిగించి అమ్మారు. మీ బండి సంగతి చెప్పేది ఛాసిస్ నంబరే, బ్రాండు పేరు కాదు. ఆ పదిహేడు అంకెలూ అక్షరాలూ ఆర్సీ మీద ఉంటాయి, బండి మీదా చెక్కి ఉంటాయి. అందులో ఐ, ఓ, క్యూ అక్షరాలు ఉండవు కాబట్టి సున్నా అనిపించింది సున్నాయే. కొన్ని కంపెనీల వెబ్‌సైట్లలో అది కొడితే పెండింగు రీకాల్ ఉందో లేదో చెబుతుంది. లేదంటే కస్టమర్ కేర్‌కి ఫోను చేయాలి.

ఇక మా బావ కొందామని చూసిన ఒక కారు సంగతికి వస్తాను. పేరు చెప్పను గానీ జర్మన్ కంపెనీ డీజిల్ సెడాన్, డీఎల్ నంబరు, తెల్ల రంగు. బ్రోకరు ఇచ్ఛాపురం మనిషి. 'గురూగారూ, సింగిల్ ఓనర్, డాక్టర్ గారిది, యాభై వేలే తిరిగింది' అన్నాడు. ఈ పాత కార్లన్నీ ఎప్పుడూ డాక్టర్ గారివే ఎందుకవుతాయో నాకు ఇప్పటికీ అర్థం కాదు. డ్రైవరు సీటు అంచు తోలు అరిగి లోపలి నార కనబడుతోంది, బ్రేక్ పెడల్ రబ్బరు నున్నగా అయిపోయింది. యాభై వేలకి అలా అవ్వదు.

బానెట్ ఎత్తించాను. ఇంజిన్ చల్లగా ఉంది. ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం, అదే కూలెంట్, దాని డబ్బాలో మట్టం కింది గీతకి కూడా అందలేదు. ఉన్న కాస్తా రంగు వెలిసిపోయింది. అంటే ఎవరో మామూలు నీళ్ళు పోస్తూ వస్తున్నారన్నమాట. గొట్టాలు చూశాను, రేడియేటర్ కింద చూశాను, ఎక్కడా తడి లేదు. తోడు తెచ్చుకున్న మిస్త్రీని అడిగితే, ఒడియా ఆయన, తెలుగు మనకన్నా బాగా మాట్లాడతాడు, 'ఆజ్ఞా (ఒడియాలో అయ్యా అన్నట్టు), పాత బండి కదా, కాస్త నీళ్ళు తాగుతుంది. నెలకోసారి పోసుకుంటే చాలు' అన్నాడు.

బయట కారకుండా కూలెంట్ తగ్గుతోందంటే లోపల ఎక్కడికో పోతోంది. ఎక్కడికి పోతోందన్నదే 2018 ఎండాకాలంలో దక్షిణ కొరియా మొత్తం అడిగిన ప్రశ్న. అక్కడ బీఎండబ్ల్యూ డీజిల్ కార్లు, ముఖ్యంగా 520డీ, రోడ్డు మీద పోతూ పోతూ తగలబడ్డాయి. ఒకటీ రెండూ కాదు, నలభైకి పైగా. ఇంజిన్ వదిలే పొగలో కొంత భాగాన్ని చల్లబరిచి మళ్ళీ లోపలికి పంపే ఏర్పాటు ఒకటి ఉంటుంది, ఈజీఆర్ అంటారు. దాన్ని చల్లబరిచే కూలర్‌కి పగులు వస్తే కూలెంట్ చుక్కచుక్కగా లోపలికి దిగుతుంది. మసితో, నూనెతో కలిసి జిగురులా పేరుకుంటుంది. సుదూర ప్రయాణంలో వేడి పొగ తగిలి ఆ పేరుకున్నది రాజుకుంటే పక్కనున్న ఇన్‌టేక్ మానిఫోల్డ్, అంటే ఇంజిన్‌లోకి గాలి పంపే ప్లాస్టిక్ గొట్టాల భాగం, కరుగుతుంది, అక్కడినుంచి మంట. జూలైలో అక్కడ 1,06,000 కార్లని పిలిచారు. ఆగస్టులో కొరియా ప్రభుత్వం ఇంకో అడుగు వేసింది. తనిఖీ చేయించని సుమారు 20,000 కార్లు రోడ్డెక్కకూడదని ఆదేశించింది. కొన్ని పార్కింగుల వాళ్ళు బీఎండబ్ల్యూలని లోపలికి రానివ్వలేదు. అక్టోబరుకి ప్రపంచమంతా కలిపి ఈ లెక్క 16 లక్షలకి చేరింది. తప్పు తెలిసీ ఆలస్యం చేశారంటూ డిసెంబరులో కొరియా ప్రభుత్వం వేసిన జరిమానా 1,120 కోట్ల వోన్లు (కొరియా డబ్బు).

మా బావ చూసిన కారుకి అదే జబ్బు ఉందని నేననడం లేదు. హెడ్ గ్యాస్కెట్ కావచ్చు, ఇంకేదైనా కావచ్చు. 'నెలకోసారి నీళ్ళు పోసుకుంటే చాలు' అన్న మాట ఎంత ప్రమాదమో చెప్పడానికి ఇంత చెప్పాను. ఆ మాట మన దగ్గర ప్రతి షెడ్డులోనూ వినబడుతుంది. అన్నవాడు మోసగాడు కూడా కాదు. అంబాసిడర్ల మీద చెయ్యి తిరిగినవాడు, అంబాసిడర్ విషయంలో అది నిజమే.

ఛాసిస్ నంబరు ఫోటో తీసుకుని విశాఖపట్నంలో ఆ కంపెనీ వర్క్‌షాపుకి ఫోను చేశాను. మనకి భువనేశ్వర్ 170 కిలోమీటర్లు, వైజాగ్ 260. అయినా తెలుగులో మాట్లాడొచ్చని వైజాగ్‌కే చేస్తాను. మీరు ఓనరేనా అని అడిగారు. కాదు, కొనబోతున్నామన్నాను. ఆర్సీ ఫోటో పంపమన్నారు, పంపాను. సాయంత్రానికి జవాబు వచ్చింది. ఈ బండి మీద ఒక తనిఖీ పెండింగులో ఉంది, తీసుకొస్తే ఉచితంగా చేస్తాం అని. ఇంతే. పైసా ఖర్చు లేదు.

బావకి చెప్పాను. 'అమ్మో, రీకాల్ ఉందా? అయితే చెడ్డ బండే. వదిలేద్దాం బావా' అన్నాడు. వారం తిరక్కుండా ఇంకో కారు ఫోటోలు పంపాడు, ఇంకో కంపెనీది. 'దీనికి రీకాల్ ఏమీ లేదట' అని కింద రాశాడు. ఎవరు చూశారు బావా అని అడిగితే, బ్రోకరు చెప్పాడన్నాడు.

ఇక్కడే నాకు చాలామందితో పేచీ. రీకాల్ ఉందంటే బండి చెడ్డదని, లేదంటే మంచిదని మనవాళ్ళ లెక్క. నిజానికి రీకాల్ ప్రకటించడమంటే తప్పు దొరికిందని, దాన్ని సరిచేసే పద్ధతి ఉందని, ఆ ఖర్చు కంపెనీది అని అర్థం. తప్పు దొరకని బండ్లు, దొరికినా పైకి చెప్పని బండ్లు ఉన్నాయి, వాటికి రీకాల్ లేదు. నా ఓటు అయితే రీకాల్ వచ్చి, పని పూర్తయినట్టు సర్వీసు రికార్డులో ఉన్న బండికే. భయపడాల్సింది రీకాల్ వచ్చి పని జరగని బండిని చూసి. ఆ రెండింటినీ మనం ఒకే గాటన కట్టేస్తున్నాం. దానివల్ల జరిగేదేమిటంటే, బ్రోకర్లు రీకాల్ మాటే ఎత్తరు. ఎత్తితే బేరం పోతుందని వాళ్ళకి తెలుసు.

రిపేరు ఖర్చుల విషయం ఎలాగూ అందరికీ తెలిసిందే, త్వరగా చెప్పేస్తాను. బీఎండబ్ల్యూ పాత రెండు లీటర్ల డీజిల్, ఎన్47, దాని టైమింగ్ చైన్ గేర్‌బాక్స్ వైపు ఉంటుంది. గలగలమని శబ్దం వస్తే ఇంజిన్ దించాల్సిందే. ఆడీ ఏ4లో వచ్చిన మల్టీట్రానిక్ గేర్‌బాక్స్ బాగు చేసేవాడు మన జిల్లాలో లేడు. 2014కి ముందు సీ క్లాసుల్లో ఎలక్ట్రానిక్ స్టీరింగ్ లాక్ పాడైతే తాళం పెట్టినా బండి బతకదు, టో చేయించాల్సిందే. రన్‌ఫ్లాట్ టైర్ల బండ్లలో స్టెప్నీ ఉండదు, పంక్చరైతే 80 కిలోమీటర్ల వేగం మించకుండా ఓ 80 కిలోమీటర్లు పోవచ్చు, ఆ లోపల చిలికా దాటాలి. కారు ధర పదోవంతుకి పడిపోయినా పార్టు ధర పడిపోదు. ఏటా ఇంత అని పక్కన పెట్టుకోగలిగితే కొనుక్కోండి, లేకపోతే స్విఫ్టే నయం. ఈ విషయంలో నాకు చెప్పడానికి ఇంతకన్నా ఏమీ లేదు.

మునిగిన బండ్ల విషయం మాత్రం కాస్త ఆగి చెప్పాలి, అది నా వృత్తి. 2015 డిసెంబరులో చెన్నై మునిగినప్పుడు బేస్‌మెంట్లలో ఎన్ని లగ్జరీ కార్లు మునిగాయో టీవీలో చూశాం. అలాంటివి ఇన్సూరెన్స్ వాళ్ళు టోటల్ లాస్ కింద పరిష్కరిస్తారు, ఆ బండి సాల్వేజ్ కింద, అంటే పాడైన సరుకుగా, వేలంలో పోతుంది. ఆర్సీ రద్దు కాకపోతే, కొన్నవాడు ఆరబెట్టి, తోలు మార్చి, మళ్ళీ రోడ్డెక్కిస్తాడు. పదహారో నంబరు హైవే చెన్నైనీ మననీ నేరుగా కలుపుతుంది. మన పక్కనా 2013లో ఫైలిన్, 2014లో వైజాగ్‌లో హుద్‌హుద్, 2018లో తిత్లీ. మునిగిన కారులో రీకాల్ కన్నా పెద్ద గొడవ ఏమిటంటే, ఎయిర్‌బ్యాగ్ కంట్రోల్ యూనిట్ సాధారణంగా కింద, మధ్య కన్సోల్ దగ్గర ఉంటుంది. నీళ్ళు ముందు తడిపేది అక్కడే. పట్టుకోవడానికి నేను చేసేది ఇదీ: సీటు బెల్టు చివరి దాకా లాగుతాను. రోజూ లాగని ఆ చివరి జానెడు మీద బురద చార ఉంటే దాన్ని ఏ షాంపూ వదిలించలేదు. బెల్టు కింద కుట్టిన చీటీ మీద తయారైన తేదీ ఉంటుంది, కారు కన్నా బెల్టు చిన్నదైతే మార్చారన్నమాట, ఎందుకు మార్చారో అడగాలి. తరువాత తాళం ఆన్ చేసి ఎయిర్‌బ్యాగ్ దీపం చూస్తాను. వెలగాలి, కొన్ని సెకన్లకి ఆరాలి. అసలు వెలగకపోయినా, పక్క దీపంతో సరిగ్గా ఒకే క్షణంలో ఆరినా అనుమానించాలి. ఆ దీపాన్ని ఇంకో దీపం వైరుకి కలిపేసే ఘనులున్నారు.

ఇంత చూడటం ప్రతివాడి వల్లా అయ్యే పని కాదు, అంత చూసుకోమని అందరినీ అడగడమూ న్యాయం కాదు. అందుకే మనిషి జాగ్రత్త మీద వదిలేయకుండా వ్యవస్థలోనే ఒక చోట అడ్డం పెట్టాలంటాను. జపాన్‌లో 2018 నుంచి, టకాటా రీకాల్ చేయించని బండ్లకి తనిఖీ పాస్ ఇవ్వడం మానేశారు, పాస్ లేకపోతే బండి తిరగదు. జర్మనీలో ప్రమాదకరమైన రీకాల్ అయితే ప్రభుత్వ రిజిస్టర్‌లో ప్రస్తుత ఓనరు ఎవరో చూసి వాళ్ళకే ఉత్తరం వెళ్తుంది. పట్టించుకోకపోతే బండిని రోడ్డెక్కనివ్వకపోవచ్చు కూడా. అక్కడ ఉత్తరం మొదటి ఓనరుకి కాదు, ఇప్పటి ఓనరుకి. నేను అడిగేది అంతే.

మనకి సరిగ్గా సరిపోయే చోటు ఒకటుంది, ఎన్‌ఓసీ. బండి రాష్ట్రం దాటాలంటే 28 ఫారం పెట్టాల్సిందే. ఆ బండి మీద అప్పుందా, చలానాలున్నాయా అని అప్పుడు చూస్తారు. అదే చోట పెండింగు రీకాల్ ఉందా అని ఒక్క ప్రశ్న చేరిస్తే, గురుగ్రామ్ డాక్టర్ గారు తన ఊళ్ళోనే, వర్క్‌షాపు పక్క వీధిలో ఉన్నప్పుడే, పని చేయించి పంపిస్తాడు. ఆయనకి అరపూట పని. అదే పని ఇక్కడికి వచ్చాక మనకి వైజాగ్ ప్రయాణం.

ఈ మాట మా ఆర్టీఓ ఆఫీసు బయట కూర్చునే ఏజెంటుతో అంటే నవ్వాడు. 'సార్, మీరు ఇంకో సర్టిఫికెట్ పెట్టించారనుకోండి, దానికి ఇంకో రేటు వస్తుంది. అంతే జరిగేది' అన్నాడు. ఆయన మాటలో అబద్ధం లేదు. అందుకే సర్టిఫికెట్ వద్దు. వాహన్‌లో, అదే ప్రభుత్వపు బండ్ల వెబ్‌సైట్‌లో, మీ బండి నంబరు కొడితే ఇన్సూరెన్స్ ఎప్పటిదాకా ఉందో, పొల్యూషన్ ఎప్పుడు తీరుతుందో, ఏ బ్యాంకు అప్పుందో ఇప్పటికే కనబడుతుంది. కంపెనీల దగ్గర ఏ ఛాసిస్‌కి పని జరిగింది, దేనికి జరగలేదు అన్న జాబితా సిద్ధంగా ఉంటుంది. ఆ జాబితా ఈ తెర మీదికి వస్తే చాలు, కాగితమూ అక్కర్లేదు, ఏజెంటూ అక్కర్లేదు. బ్యాంకుకి రావాల్సిన మూడు లక్షల బాకీ గురించి కొనేవాడిని హెచ్చరించే తెర, స్టీరింగ్‌లో ఉన్న ఇన్‌ఫ్లేటర్ గురించి ఎందుకు చెప్పకూడదో నాకు ఎవరూ సరైన కారణం చెప్పలేదు. ఏజెంటుని కూడా అదే అడిగాను. 'బ్యాంకువాళ్ళు పట్టుబట్టారు కాబట్టి వచ్చింది సార్. మీ తరఫున పట్టుబట్టేదెవరు?' అన్నాడు.